పప్పు ఉడికితేనే తూము ఎత్తే ఊరు

కొల్లేరు ఎప్పుడు వెళ్తే బాగుంటుందని ఈ బ్లాగు చదివేవాళ్ళు అడుగుతూ ఉంటారు. పక్షుల కోసమైతే చలికాలంలో వెళ్ళండి. నేను వెళ్ళింది ఏప్రిల్‌లో, పక్షుల కోసం కాదు. కొల్లేటి లంకలో ఉంటున్న మా అక్క ఫోన్ చేసి, "ఈసారి పళ్ళూ గిళ్ళూ ఏం వద్దురా, రెండు టిన్నులు నీళ్ళు పట్టుకురా" అంది. వాళ్ళ ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటిపోయిందట. గోదావరి కాలువలు ఇంకో రెండు రోజుల్లో కట్టేస్తారు. ఈలోగా చెరువు నింపుకోకపోతే మళ్ళీ కాలువలు వదిలేదాకా, అంటే వేసవంతా, ఊరికి తాగేనీళ్ళు ఉండవు. తూము తలుపు ఎత్తి కాలువ నీళ్ళు చెరువులోకి వదిలే పని మా బావది. "మీ బావ రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు" అని కూడా అంది. అందుకని బయల్దేరాను. ఊరి పేరు రాయవద్దని వాళ్ళు అడిగారు కాబట్టి రాయడం లేదు.

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో. నీళ్ళ టిన్నులు ఏలూరులో కొనుక్కోవచ్చు కానీ, ప్లాంటు నీళ్ళు చప్పగా ఉంటాయని అక్క తాగదు. పొద్దున్నే మా కొళాయి నీళ్ళే రెండు టిన్నుల్లో పట్టి, మూతలు బిగించి, ఏలూరు బస్సెక్కాను. గంటకు పైగా పడుతుంది. ప్యాసింజరు రైలు చవకే కానీ టిన్నులతో స్టేషను మెట్లు ఎక్కడం నా వల్ల కాదు. "ఏవండీ, వాటికి కూడా టిక్కెట్టు కొట్టమంటారా?" అన్నాడు కండక్టరు. టిన్నులకు కిటికీ పక్క సీటు ఇచ్చానని ఆ జోకు. భీమడోలు, గుండుగొలను దాటుతుంటే అక్కడక్కడా కాలువ కనిపించింది. మా టిన్నుల్లో ఉన్నవీ ఆ నీళ్ళే. మా గూడెంలో ముందుగా పట్టుకుంటాం, కొల్లేటి ఊళ్ళకు చివర వెళ్తాయి. శివారు అని ఊరికే అనరు.

ఏలూరు బస్టాండు బయట బాషా అనే ఆటో అతను దొరికాడు. టిన్నులతో కలిపి మూడు వందలు అడిగాడు. బేరమాడే ఓపిక లేక సరేనన్నాను. ఊరు దాటగానే రెండువైపులా చెరువులే, మధ్యలో సన్నటి రోడ్డు. చేపల మేత వాసన, ఎండ. "చుట్టూ ఇన్ని నీళ్ళుండగా టిన్నులు మోసుకెళ్తున్నారేంటండీ" అన్నాడు బాషా. కాసేపటికి తనే, "నేనూ ఇటొస్తే ఇంట్లోంచి సీసా తెచ్చుకుంటానండి. ఈ నీళ్ళతో మొహం కడిగినా మంటండి" అన్నాడు. ఊరి దగ్గర మట్టి దారి ఆటోకు పనికిరాదని మంచినీళ్ళ చెరువు గట్టు మీదే దింపేశాడు.

గట్టు మీద ఊరు సగం ఉంది. మా బావ ఏసుపాదం తూము పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "రా బామ్మర్దీ, సరిగ్గా పప్పు వేళకి వచ్చావు" అన్నాడు.

ఆ పప్పు సంగతి చెప్పాలి. ఎగువన రొయ్యల చెరువులు ఉన్నాయి. వాటిల్లో నీళ్ళు తోడేస్తే ఉప్పు కాలువలోకి వస్తుంది. ఆ సమయంలో తూము ఎత్తితే మంచినీళ్ళ చెరువు వేసవంతటికీ పాడైపోతుంది. నాలుక మీద వేసుకుని చూస్తే ఒకరు ఉప్పంటారు, ఇంకొకరు కాదంటారు, గొడవలు. అందుకని ఆ ఊళ్ళో ఏటా తూము దగ్గరే పొయ్యి పెట్టి, కాలువ నీళ్ళలో కందిపప్పు వండుతారు. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు. ఉడికితే తూము ఎత్తుతారు, లేకపోతే ఆగుతారు. పప్పు మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. వండేది సువార్తమ్మ గారు. చర్చి భోజనాలకు వంట ఆవిడదే.

నేను వచ్చేసరికి ఆవిడ పొయ్యి రాజేస్తోంది. అక్క నా టిన్నొకటి తెరిచి, అందరూ గొంతు తడుపుకుంటారని ఒక స్టీలు బిందెలో పోసి పొయ్యికి దగ్గర్లోనే పెట్టింది. "గూడెం నీళ్ళు, తలో గ్లాసే" అని నవ్వింది. పప్పుకని ముంచి పెట్టుకున్న కాలువ నీళ్ళ బిందె కూడా అలాంటిదే.

పప్పు ఎప్పుడూ లేనంత తొందరగా మెత్తబడింది. సువార్తమ్మ గారు గరిటెతో ఒత్తి చూపించింది. "దేవుడు చల్లగా చూశాడు. ఈ ఏడు నీళ్ళు వెన్నలా ఉన్నాయి, లేవయ్యా ఏసుపాదం" అంది. మా బావ ఇంకో ముద్ద ఒత్తి చూసుకుని, లేచి, తలుపు ఎత్తాడు. నీళ్ళు చెరువులోకి దూకగానే పిల్లలు అరిచారు. బావ చెమట తుడుచుకుని, అక్క ఇచ్చిన గ్లాసు ఎత్తి తాగాడు. ఒక్క గుక్కే. ఆగిపోయి గ్లాసులోకి చూశాడు.

"ఇవేం నీళ్ళే?"

"గూడెం నీళ్ళు. తమ్ముడు తెచ్చినవి."

"కాదు. నువ్వు తాగి చూడు."

అక్క తాగి ఉమ్మేసింది. వెనకాల తూములోంచి నీళ్ళు చెరువులోకి పడుతూనే ఉన్నాయి. తాగడానికి పెట్టిన బిందెలో ఉన్నవి కాలువ నీళ్ళు. పప్పు ఉడికింది గూడెం కొళాయి నీళ్ళలో.

మా బావ గ్లాసు పడేసి తూము మీదికి పరిగెత్తాడు. తలుపు దించేసరికి ఆయన అరచేతులు దోక్కుపోయాయి. సువార్తమ్మ గారు పొయ్యి ముందు కూలబడి, "నా చేత్తోనే ముంచి పోశాను" అంటోంది. ఎవరో, "చూపు ఆనట్లేదని చెప్పొచ్చు కదా మామ్మా" అన్నారు. అక్క ఊరుకోలేదు. "బిందె అక్కడ పెట్టింది నేను. నన్నడగండి" అంది. ఈసారి అక్కే స్వయంగా కాలువలో ముంచి రెండో గిన్నె ఎక్కించింది. చాలాసేపు చూశాం. గింజలు గింజల్లాగే పైకీ కిందికీ తిరిగాయి. మొదటి పప్పులో ఉప్పూ కారం వేసి అందరికీ అన్నం పెట్టారు. రుచిగానే ఉంది. ఎవరూ రెండోసారి అడగలేదు.

తిన్నాక బావ బండి మీద నేనూ ఎక్కాను. ఎగువన రొయ్యల చెరువు దగ్గర ఇంజను నీళ్ళు తోడుతోంది. లీజుదారుడు మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రొయ్యకి జబ్బు తగిలిందండి. ఉన్నపళాన పట్టేశాం. మురుక్కాలువలోకి వదులుదామంటే అది పూడిపోయి కూర్చుంది. నన్నేం చేయమంటారు?"

"కాలువ కట్టేదాకా ఆపండి. ఎల్లుండి నుంచి మీ ఇష్టం" అన్నాడు బావ.

"అప్పుడు కాలువలో ఈ నీళ్ళే నిలబడతాయండి."

"నిలబడితే నిలబడనీండి. అప్పటికి మా తూము మూసుంటుంది."

ఆయన వెళ్ళి ఇంజను ఆపాడు. తిరిగి వచ్చి, "నేను తాగేదీ టిన్ను నీళ్ళేనండి" అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు. నాకు దాహం అడగాలనిపించింది కానీ అడగలేదు.

సాయంత్రం పాల వ్యాను ఏలూరు వెళ్తుంటే ఎక్కేశాను. రెండో టిన్ను మూత తీయకుండానే అక్క ఇంట్లో వదిలాను. మర్నాడు చీకటి పడుతుండగా అక్క ఫోన్ చేసింది. కాలువలో ఉప్పు దిగిపోయేసరికి మధ్యాహ్నం దాటిందట. పప్పు ఉడికింది, తూము ఎత్తారు. ముందురోజు పడిన కాసిని ఉప్పునీళ్ళూ వాటిల్లో కలిసి తెలియకుండా పోయాయట. సువార్తమ్మ గారు ఈసారి తన బిందె మూతికి ఎర్ర గుడ్డ కట్టుకుందట. కానీ చెరువు నిండకముందే కాలువ మట్టం పడిపోయింది. ఎగువన కట్టేశారు. చెరువు మెట్లలో పై నాలుగూ పొడిగానే ఉండిపోయాయి. "ఇంటికి రోజుకి రెండు బిందెలే అన్నాడు మీ బావ. మాక్కూడా అంతేనట" అంది అక్క. బావ అన్నం తిన్నాడా అని అడిగాను. తిని పడుకున్నాడంది.

మా వీధి చివరి కొళాయికి పిడి లేదు. పొద్దున నీళ్ళు వదిలిన దగ్గర్నుంచి ఆపేదాకా డ్రైనేజీలోకి పోతూనే ఉంటాయి. ఏళ్ళుగా చూస్తున్నాను, ఎవరో ఒకరు బాగు చేస్తారులే అనుకుంటూ. ఆ వారం ఒక కొళాయి కొని బిగించాను. దాంతో అక్క వాళ్ళ ఊరి చెరువు నిండదని తెలుసు. మనం వాడకుండా పారబోసినవి కాలువలోనే ఉండి ఉంటే, కాలువ ఇంకొక పూట పారేదేమో, నాలుగు మెట్లలో ఒక్కటైనా తడిసేదేమో అనిపిస్తుంది. లెక్క నాకు తెలియదు.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తాగేనీళ్ళు మీవి మీరే తీసుకెళ్ళండి. అక్కడి ఇళ్ళల్లో అడగకండి. అడిగితే లేవనరు, తమ రెండు బిందెల్లోంచే పోస్తారు. మీ టిన్నులో మిగిలితే ఇచ్చి రండి, కానీ టిన్నుతోనే ఇవ్వండి. ఎవరి బిందెలోనూ పోయకండి.