నిచ్చెనలెత్తుకుపోయే డెస్మండ్

వైమారు ఊళ్ళో మందుల షాపు నడిపే డెస్మండ్‌కి ఒకటే పిచ్చి: నిచ్చెనలెత్తుకుపోవడం. పొరపాటున ఎవరి పెన్నైనా జేబులో పడితే సాయంత్రంలోగా ఇంటికెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి, నిచ్చెన కనబడితే మాత్రం ఆగలేకపోయేవాడు. అదీ అందరి నిచ్చెనలూ కాదు. రక్తాన్ని పల్చబరిచే మాత్రలు మింగేవాళ్ళవి మాత్రమే.

న్యూజిలాండ్ తూర్పు తీరాన మూలకున్న ఆ ఊరికి పెద్దాసుపత్రి చాలా దూరం. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళూ, గుండెదడ ఉన్నవాళ్ళూ డెస్మండ్ దగ్గరికే వచ్చి వేలు చాచేవాళ్ళు. అతను సూదితో చిటుక్కుమనిపించి, రక్తపు చుక్కని చిన్న మిషన్‌కి తాగించేవాడు. మిషన్ ఒక అంకె చూపించేది. అంకె తగ్గితే లోపల రక్తం గడ్డకడుతుందని భయం, పెరిగితే చిన్న దెబ్బకే ఆగకుండా కారుతుందని భయం. దాన్నిబట్టి మాత్ర పెంచడమో తగ్గించడమో చేసేవాడు. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ పేచీ లేకపోను.

"ఇంట్లో నిచ్చెన ఉందా?" అనేవాడు, వేలి మీద దూది అదిమిపట్టి.

ఉందన్నవాళ్ళ ఇంటి ముందు సాయంత్రానికల్లా అతని వ్యాను ఆగేది. లేదన్నవాళ్ళ ఇంటి వెనక ఆగేది.

ఊరంతా మావోరీ భాషలో కోరో అని పిలిచే హెనారె తాత తన నిచ్చెనని మంచం కింద దాచి, దుప్పటి కిందికంటా లాగి, దాని మీద పడుకున్నాడు. డెస్మండ్ మాత్రలిచ్చే వంకతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మంచం కింద రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి, కోరో."

"నావే."

"అల్యూమినియంవి."

"చలికాలం కదా, అలా అయ్యాయి" అన్నాడు తాత. నిచ్చెన వ్యాను ఎక్కింది.

అగ్నిమాపక దళం పెద్ద గార్త్‌కీ గుండెదడే. ఇంట్లో నిచ్చెన పోయినా ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు స్టేషన్‌లో టీ తాగుతూ తలెత్తితే, డెస్మండ్ ఫైరింజను మీది నిచ్చెన తాళ్ళు విప్పుతున్నాడు.

"డెస్, అది సర్కారుది."

"మీరెక్కుతారా, ఎక్కరా?"

"ఇల్లు తగలబడుతుంటే కింద నిలబడి పాటలు పాడమంటావా?"

"పాడండి. పాడితే రక్తం కారదు" అన్నాడు డెస్మండ్. అతన్ని పంపేసరికి గార్త్ టీ చల్లారిపోయింది.

హూయా ఆంటీ నిచ్చెన మాత్రం వసంతకాలంలోనే పోయింది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది ఆవిడ అరుపులకి అదిరి సీట్లలో కూర్చుని పెద్దవాళ్ళైనవాళ్ళే. కవాటం మార్పించుకున్న దగ్గర్నుంచి డెస్మండ్‌కి వేలిచ్చినప్పుడల్లా తగాదా పెట్టుకునేది.

"నా నిచ్చెనేదిరా?"

"క్షేమంగా ఉంది."

"నేనూ క్షేమంగానే ఉన్నాను."

"అది నా దగ్గరుండబట్టే, ఆంటీ."

ఆ వేసవిలో వానలు మొహం చాటేశాయి. ఆవిడ ఇంట్లో వాడకానికీ తాగడానికీ కప్పు మీంచి ట్యాంకులో పడే వాననీళ్ళే దిక్కు. ట్యాంకు మీద కొడితే ఖాళీ డబ్బాలా మోగుతోంది. ఆదివారం మధ్యాహ్నం వాన పడుతుందని రేడియో చెప్పింది. చూస్తే చూరు వెంబడి కాలువ నిండా ఎండుటాకులు. అలాగే వదిలేస్తే వచ్చిన వానంతా పొంగి నేలపాలు. మళ్ళీ వాన ఎప్పుడో దేవుడికే తెలియాలి. ఎవరినైనా పిలవొచ్చు. కానీ ఊరందర్నీ ఎక్కించి దింపిన మనిషికి, నా ఇంటి కప్పెక్కి పెట్టండర్రా అని అడగడానికి నోరు రాలేదు. అందుకని తన నిచ్చెన తనే దొంగిలించుకోవాలని నిశ్చయించుకుంది.

ఆదివారం చర్చిలో రెండో పాటకి అందరూ లేచి నిలబడ్డప్పుడు ఆవిడ మెల్లగా జారుకుంది. మందుల షాపు మూసి ఉంది, వ్యాను లేదు. దేవుడు నా పక్షమే అనుకుని వెనక రేకుల షెడ్డు తలుపు లాగింది. ఊరి నిచ్చెనలన్నీ గోడకి చేరబడి ఉన్నాయి. తనదొక్కటే లేదు.

"నాది పరాయివాళ్ళకి ఇచ్చేశాడన్నమాట" అని కారు తిప్పి ఇంటికి బయల్దేరింది. రేపు ఆ షాపు కౌంటరు ముందు ఏమేం తిట్టాలో దారి పొడుగునా వల్లించుకుంది.

ఇంటికొచ్చేసరికి నిచ్చెన తన గోడకే ఆని ఉంది. పైన రేకుల మీద డెస్మండ్ బల్లిలా బోర్లా అతుక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఒక చేతిలో సూపు గరిటె. పక్కనే ఎండుటాకుల బకెట్టు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"పడుకున్నాను, ఆంటీ."

"మా కప్పు మీదా?"

"కాలువ శుభ్రం చేయడం అయిపోయింది. దిగడమొక్కటే మిగిలింది. అది రేపు చేద్దామని."

కిందటి చలికాలం హెనారె తాత ఇంటి కాలువ ఎవరు శుభ్రం చేశారో, గార్త్ ఇంటి నారింజపళ్ళు కోసి గుమ్మంలో ఎవరు పెట్టారో ఆవిడకి ఇప్పుడర్థమైంది. హెనారె తాతైతే అది అల్లుడి పనేనని ఊరంతా పొగిడాడు. ఏ పాపం తెలియని ఆ అల్లుడు కాదనకుండా ఊరుకున్నాడు.

సముద్రం మీద ఉరిమింది. రేకుల మీద చినుకు టప్పుమంది.

"రేకులు తడిస్తే జారతావు. ఆగు, నేనొస్తున్నా" అంటూ ఆవిడ నిచ్చెన మీద చెయ్యి వేసింది.

పైన ఉన్నవాడి కళ్ళు చప్పున తెరుచుకున్నాయి. "శుక్రవారం మీ అంకె నాలుగు, ఉండాల్సినదానికంటే ఎక్కువ. ఆ చెయ్యి తీసేయండి."

"మరి ఇంత భయమున్నవాడివి ఎందుకెక్కావురా?"

"మీకు భయం లేదు కదా, ఆంటీ. అందుకని" అన్నాడు డెస్మండ్.

హూయా ఆంటీ నిచ్చెనని రెండు చేతులా బిగించి పట్టుకుని బస్సు రోజుల నాటి గొంతు తీసింది.

"డెస్మండ్. వెనక్కి జరుగు. ఎడమ కాలు కిందికి పెట్టు. అది కాదు, రెండోది. కిందికి చూశావంటే నడిచి ఇంటికెళ్తావు."

ఆ గొంతు విన్నాక కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఒక్కో మెట్టూ దిగి నేలమీద కాలు పెట్టేసరికి వాన దబదబా అందుకుంది. ఇద్దరూ చూరు కింద తడిసి నిలబడి, ట్యాంకులోకి నీళ్ళు దూకుతున్న చప్పుడు వింటూ ఉండిపోయారు. ఆవిడ లోపలికెళ్ళి రొట్టెలు వేయించి వేడివేడిగా తెచ్చింది. తిట్లన్నీ దారిలోనే వల్లించేసింది కాబట్టి ఇంక చెప్పడానికేమీ మిగల్లేదు.

మరుసటి వారం ఆవిడ రగ్బీ ఆటగాళ్ళని మైదానంలోనే నిలబెట్టి, ఎవరెవరు ఏ ఇంటి కప్పెక్కాలో పంచిపెట్టింది. అప్పట్నుంచీ ఆదివారాలు కుర్రాళ్ళు పైకెక్కుతారు. కింద నిచ్చెన పట్టుకునే పని డెస్మండ్‌ది. గట్టిగానే పట్టుకుంటాడు, కాకపోతే కళ్ళు మూసుకుని. పైకెక్కేవాళ్ళని చూసినా అతనికి తల తిరుగుతుందట.