మావయ్య వేసిన కళ్ళు

నా చిన్నప్పుడు జయపురంలో మా మావయ్య స్టూడియోలో ఒకరోజు ఫ్లాష్ పాడైపోయిందనీ, ఆయన ఏమాత్రం తొణక్కుండా పగటి వెలుతురులోనే మా అమ్మమ్మ ఫొటో తీశాడనీ మా బావ చెబుతుంటాడు. మావయ్య కొడుకు కాబట్టి అలా చెప్పుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఆరోజు బావ బోరిగుమ్మలో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉన్నాడు. జయపురంలో ఉన్నది నేను. ఫ్లాష్ పాడవలేదు. తొణక్కపోవడం మాట అటుంచి, మావయ్య ఆరోజు ఇల్లంతా కిందా మీదా చేశాడు.

మావయ్యకు ఆ ఫ్లాషూ, టచింగ్ కుంచే రెండు ప్రాణాలు. పెళ్ళికూతురికైనా, పండు ముసలికైనా ఇంటి ముందువైపు అదే గది, అదే నీలం పరదా, అదే మెరుపు. మెరుపుకు కళ్ళు మూసుకున్నవాళ్ళకు ప్రింటు మీద సన్న కుంచెతో కళ్ళు వేసేవాడు. బాగానే వేసేవాడు, అబద్ధమెందుకు. కాకపోతే ఆయనకు వచ్చినవి ఒక్క రకం కళ్ళే. పెద్దవాళ్ళకు ఓపిక ఉండగానే, రేపు పోయాక గోడకు పెట్టుకోవడానికి ఒక ఫొటో తీయించి ఉంచడం మావాళ్ళ అలవాటు. దాంతో ఊళ్ళో మా తెలుగు ఇళ్ళ గోడల మీద, ఒకరికొకరు ఏమీకాని ముసలివాళ్ళంతా ఒక తల్లి పిల్లల్లా చూస్తుండేవారు.

మా తాతయ్య పటానికీ అవే కళ్ళు. అమ్మమ్మ బాధంతా అదే. మెరుపు వస్తుందని తెలిస్తే చాలు, ఆవిడ ముందే కళ్ళు గట్టిగా మూసేసేది. మావయ్య తీసి, కళ్ళు వేసి తెచ్చిన ఫొటోను తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"ఈ కళ్ళు నాయి కావురా. ఆ పటం సూసి సూసి మీ నాన్న కళ్ళు ఎలాగుండేవో నాకే గేపకం రాటం లేదు. నాను పోయేక నన్నూ ఇలాగే సెరిపీస్తావేటి?"

మళ్ళీ తీస్తానన్నాడు మావయ్య. మళ్ళీ అంటే మళ్ళీ అదే పరదా, అదే మెరుపు. మర్నాడు మధ్యాహ్నం అమ్మమ్మ సాలూరు బస్సెక్కాలి. ఇకమీదట మా పెద్దమ్మ దగ్గరే ఉండబోతోంది.

పొద్దున్న చూస్తే ఫ్లాష్‌ను కెమెరాకు కలిపే నల్ల తీగ లేదు. మా అత్త దాన్ని తీసి వంటింట్లో బియ్యం డ్రమ్ములో పడేసింది, నా కళ్ళ ముందే.

"మావయ్య అడిగితే తెల్దని సెప్పు అమ్మీ. నోరు జారేవంటే నీకు జంతికల్లేవు."

నేను ధర్మం వైపు నిలబడ్డానని చెప్పను. జంతికల వైపు నిలబడ్డాను.

"తీగేదే?" అని మావయ్య అరుపు.

"నానేటి మింగేనా? పెరట్లో అంత ఎలుగుంది, అక్కడ తీసీండి," అంది అత్త.

"అలాగ తీస్తే ఫొటోయేటే అది? సంతలో నిలబెట్టి తీసినట్టుంటాది."

వెతికి వెతికి ఆ డ్రమ్ము మీదే కూలబడ్డాడు. తర్వాత లేచి, కెమెరా మెడలో వేసుకుని పెరట్లోకి నడిచాడు.

అక్కడ అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. మావయ్య చాలా తడబడ్డాడు. ఎండ వెలుతురుకు కెమెరాలో ఏది ఎంత తిప్పాలో చెయ్యి మరిచిపోయింది. అటు జరిగి, ఇటు వంగి, ఆఖరికి ఇటుకల మీద మోకాళ్ళూనాడు. స్టూడియోలో ఆయన అలా మోకాళ్ళ మీదకు దిగడం నేనెప్పుడూ చూడలేదు. నాకా, ఊరుకోవడం చేతకాదు. "అమ్మమ్మా, మెరుపు లేదు, కళ్ళు మూసుకోకు!" అని అరిచాను.

"నోర్ముయ్యే అమ్మీ, నాకు తెల్దేటి!" అని ఆవిడ తలెత్తి నా మీద కళ్ళురిమింది. కెమెరా క్లిక్‌మంది.

ప్రింటు వచ్చాక మావయ్య అలవాటుగా కుంచె తీశాడు. దానికి చేసే పనేమీ కనబడక కడిగి పెట్టేశాడు. ఒక చెంప నీడలో ఉంది, నోరు సగం తెరిచి ఉంది. కళ్ళు మాత్రం ఆవిడవే. ఆ ఫొటో ఇప్పుడు రాయగడలో మా ఇంట్లో ఉంది. ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంటుంది.

స్టూడియో బావ చేతికొచ్చింది. ఎవరిని తీసినా వెనకంతా మసక, మొహమంతా నునుపు. మా అమ్మాయి పెళ్ళి ఫొటోల్లో దాని చెంప మీది పుట్టుమచ్చే మాయమైంది. అదేమని అడిగితే, "ఇప్పుడందరూ ఇలాగే అడుగుతున్నార్లే, నీకు తెల్దు" అంటాడు. తండ్రి కుంచె కొడుకు కంప్యూటర్లో దూరింది, అంతే.

నేనైతే ఫొటోకని ఫోను పైకెత్తినప్పుడల్లా, ఫ్లాషో, మొహం నునుపు చేసేదో, చేతికి అలవాటైనదాన్ని ముందు ఆపేస్తాను, ఎప్పుడూ నిలబడే చోటు నుంచి ఓ అడుగు పక్కకు జరుగుతాను. ఆ తర్వాతే ఎదుటి మనిషిని చూస్తాను. మరిచిపోయే రోజులూ ఉంటాయనుకోండి.

మావయ్య మాత్రం మారలేదు. అమ్మమ్మ బస్సెక్కాక తీగ దొరికింది, గదిలో మళ్ళీ మెరుపులు మొదలయ్యాయి. అత్త తనను ఓడించిందని ఆయనకు తెలియనే తెలియదని బావ తప్ప ఇంట్లో అందరూ నవ్వుకుంటారు. నాకక్కడే అనుమానం. ఆయన డ్రమ్ము మీద కూలబడ్డప్పుడు మూత సందులోంచి నల్ల తీగ కొస వేలాడుతోంది, సరిగ్గా ఆయన మోకాలి పక్కనే. గుమ్మంలో నిలబడ్డ నాకే కనబడింది. చూడటమే బతుకుతెరువైన మనిషికి అది కనబడలేదంటారా?