స్టీరింగమ్మ కిందికి దిగిన రోజు

వీధిలో అందరూ ఆవిడను స్టీరింగమ్మ అనేవారు. భర్త బళ్ల మేస్త్రీ. పెళ్లయిన కొత్తల్లో షెడ్డుకు అన్నం పట్టుకొచ్చిన ఆవిడను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "నేను కింద చెయ్యి పెట్టి చూస్తా, నువ్వు స్టీరింగు ఊపు" అన్నాడాయన. ఆ కూర్చోవడం కూర్చోవడం జుట్టు నెరిసేదాకా కూర్చుంది. ఒక్క బండీ నడపలేదు గాని, ఎన్ని బళ్ల జబ్బులో ఆవిడ మణికట్టుకు తెలుసు.

ఈమధ్య మేస్త్రీ నడుము మొరాయించింది. నేల మీద పడుకోవద్దన్నాడు డాక్టరు. షెడ్డు ఎవరికైనా ఇచ్చేద్దామని మేస్త్రీ అన్నప్పుడల్లా ఆవిడ మాట మార్చేసేది.

ఇంతలో ఐసు దిమ్మలు తోలే అతను తన ముసలి పికప్ తెచ్చాడు.

"అక్కా, రోడ్డు తిన్నగా ఉన్నా ఇది పక్కకే లాగుతోంది. ఇంకోచోట చక్రాల దగ్గరి టై రాడ్ ఎండ్లు మార్చారు, అయినా అదే తంతు. స్టీరింగ్ బాక్సు పోయిందంటున్నారు. మేస్త్రీ చూడలేకపోతే పాతినుముకి వేసేస్తా."

మేస్త్రీ నేలచూపులు చూశాడు. ఆవిడ కొంగు బిగించి, బండి కింద గోనె పరిచింది.

"మీరు సీటెక్కండి."

"నువ్వా కిందికి?"

"నా నడుము బాగానే ఉందిగా!"

"లోకం తలకిందులైంది" అని నవ్వాడు ఐసతను.

మేస్త్రీ స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పేశాడు.

"ఏవండీ, బావిలో నీళ్లు తోడుతున్నారా? అంత తిప్పితే లూజు దొరకదు. చక్రం కదలబోయేదాకా తిప్పి, వెనక్కి రండి."

ఆయన చెయ్యి నెమ్మదించింది. ఆవిడ వేళ్లు ఒక్కో జాయింటునూ తడిమాయి. కొత్త ఎండ్లు గట్టిగానే ఉన్నాయి. బాక్సులోనూ తేడా లేదు. అవతలి పక్క రాడ్డును పట్టి ఉంచే ఐడ్లర్ ఆర్మ్ దగ్గర వేళ్లు ఆగాయి. పక్కకు మాత్రమే ఊగాల్సిన ఆ ఇనప చెయ్యి ముందు టక్కున పైకి లేచి, ఆపైన పక్కకు జరుగుతోంది. లోపల తొడుగులా ఉండే బుష్ అరిగిపోయింది. ఆ టక్కు ఆవిడకు పాత చుట్టమే. ఇన్నేళ్లూ పైన అరచేతికి అందింది, ఇవాళ కింద వేళ్లకు దొరికింది.

"బాక్సు జోలికి పోకండి. ఐడ్లర్ ఆర్మ్ తెప్పించండి."

కొత్తది వచ్చింది. మేస్త్రీ పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే ఆవిడే బిగించింది. ఐసతను బండి తీసి, మలుపు దాకా పాములా నడిపి, కంగారుగా తిరిగొచ్చాడు.

"అక్కా, ఇంకా వంకరే!"

"వంకర బండిది కాదు తమ్ముడూ, నీ చేతులది. పాత అలవాటుకొద్దీ ఎదురు లాగి సర్దడం మానేసి దాన్ని పోనివ్వు."

ఈసారి బండి గీత గీసినట్టు వెళ్లింది.

మర్నాడు ఇంకో బండి వచ్చింది. షెడ్డు ఇచ్చేసే మాట ఎత్తకుండా, మేస్త్రీ తనంతట తనే సీటెక్కాడు. వీధి వీధంతా వినబడేలా గొంతు పెంచాడు.

"ఎటు ఊపమంటారు, మేస్త్రీ?"

గోనె మీద పడుకున్న ఆవిడ నవ్వాపుకుంది.

"ముందు ఎడమకి. నెమ్మదిగా!"