కంప్యూటర్ కుదిర్చిన సంబంధం

ఆ రోజుల్లో తిరుత్తణి తాలూకా మొత్తానికి సి అనే కంప్యూటర్ భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంగ్లీషులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా చూడకుండా రెండు మాటలను పోల్చే ఉపాయాన్ని లోకంలో మొదట కనిపెట్టిందీ నేనే. (నవ్వకండి, ఆ వయసులో అందరూ ఏదో ఒకటి కనిపెడతారు.) తిరువళ్లూరులో ఒక కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పేవాణ్ణి. అంటే, పొద్దున తలుపు తీసి, దుమ్ము తుడిచి, సారు రాని రోజు చెప్పేవాణ్ణి.

మా మేనమామ మనవాళ్లకు సంబంధాలు చూసేవాడు. ఆయన నోటుబుక్కును సెంటరు నుంచి వాళ్లింటికి తెచ్చిన కంప్యూటర్‌లోకి ఎక్కించి, గోత్రం ఒకటైన జతలను తీసేసి మిగతావి అచ్చువేసే ప్రోగ్రాము రాశాను. అబ్బాయిల వివరాలు నేను కొట్టాను, అమ్మాయిలవి మామకూతురు కొట్టింది. మొదటి కాగితంలోనే నా పేరు పక్కన ఆర్.కె.పేట అమ్మాయి పేరు! ఆమె ఫోటో నోటుబుక్కులో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. (ఫోటో కింద రాసింది చదివే తీరిక లేకపోయింది.)

"గోత్రం చూసినావా రా?" అన్నాడు మామ.

"కంప్యూటర్ చూసింది మామా!"

"సరే. ఇది కుదిరిందంటే నా బుక్కు మూసేస్తా. కుదరలేదో, ఆ పెట్టె మళ్లా నా ఇంట్లో కనపడకూడదు."

మామ, అత్త, మామకూతురు, నేను ఆర్.కె.పేటకు వెళ్లాం. ఆడవాళ్లు లోపలికి పోయారు. నేను బజ్జీలు తింటూ కంప్యూటర్ మహిమ చెబుతుంటే, అమ్మాయి నాయనమ్మ వచ్చి గోత్రం అడిగింది. పైడిపాల అన్నాను.

"మాదీ అదే కదయ్యా! చెల్లెల్ని చూసేదానికా ఇన్ని బజ్జీలు తింటా ఉండావు?"

మామ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

తీరా చూస్తే, మామకూతురు PAIDIPALA అని అన్నీ పెద్దక్షరాల్లో కొట్టింది, నేను paidipala అని చిన్నక్షరాల్లో. సి భాషలో రెండు మాటలను పోల్చే strcmp కంటికి అవి రెండు వేరే గోత్రాలు. ఆ లెక్కన మన కులంలో ఎవరికీ ఎవరూ అన్నాచెల్లెళ్లు కారు. రెండు రోజులు కూర్చుని, ప్రతి అక్షరాన్నీ చిన్నది చేసి పోల్చే ఉపాయం కనిపెట్టి సారుకు చూపించాను. ఆయన పుస్తకం తెరిచి stricmp అన్నదాని మీద వేలు పెట్టాడు. అది ముందే ఉందట. మధ్యలో ఒక్క i చేరిస్తే చాలట.

చేర్చాను. ఈసారి నా పేరు పక్కన మామకూతురి పేరు వచ్చింది. మామ నోటుబుక్కు మూసేశాడు. ఒక్క అక్షరం అడ్డుపడి ఆర్.కె.పేట అందగత్తె చేజారిందని వారం రోజులు దిగులుపడిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. ఇంతవరకూ రాసి, ముప్పై ఏళ్లుగా నాతో వేగుతున్న మామకూతురికి చదివి వినిపించాను.

"అక్షరమూ కాదు, గోత్రమూ కాదు బావా," అంది. "ముసలమ్మ అడగకముందే ఆ పిల్ల లోపల మా అమ్మతో 'ఈ వాగుడుకాయ నాకొద్దు' అనేసింది. నేను పక్కనే ఉండా."