కొత్త పెట్టె దగ్గర సాంబ్రాణి వాసన

దయ్యాలంటే నాకు నవ్వు వచ్చేది. ఎవరైనా అలాంటి సంగతి మొదలుపెడితే, కిటికీ తెరిచి ఉందా, ఫ్యాను తిరుగుతోందా అని అడిగి వాళ్ల కథ పాడుచేసేదాన్ని. ఇప్పటికీ అడుగుతాను. కానీ నా విషయంలో జరిగినదానికి మాత్రం ఆ ప్రశ్నలన్నీ వేసుకున్నాక కూడా జవాబు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా తాత జీతగాడు, నాయిన బడిలో అటెండరు. ఆదివారం చర్చికి పోయే ఇల్లు మాది. దయ్యం అన్న మాట అమ్మ ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. నేను బయోటెక్నాలజీ చదివి, మహబూబ్‌నగర్‌లో పిల్లలు కాని దంపతులు వచ్చే ఒక ఆస్పత్రిలో ల్యాబు చూసుకునే పనిలో చేరాను. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ల తర్వాతి మాట ఇది.

తల్లి నుంచి తీసిన అండాన్ని బయట ఫలదీకరించి, కొద్ది రోజులు పెంచి, మళ్లీ ఆమె కడుపులో పెట్టేదాకా కాపాడటం నా ఉద్యోగం. పిండం పెరగలేదంటే ఏదో కారణం ఉంటుంది. వేడో, గ్యాసో, గాలో, కాదంటే మా చెయ్యో. కారణం దొరకలేదంటే మేం సరిగ్గా వెతకలేదని అర్థం. నేను అలాగే నేర్చుకున్నాను, నా తర్వాత వచ్చినవాళ్లకు అలాగే నేర్పాను.

మా ల్యాబులో వాసన అంటే ఎంత భయమో ముందు చెప్పాలి. పిండానికి ముక్కు లేకపోయినా గాలిలో తేలే ప్రతిదీ దానికి తగులుతుంది. అందుకే అత్తరు, పౌడరు, తలనూనె, పూలు ఏవీ లోపలికి రానివ్వం. గోడలకు రంగు వేస్తే ఆ ఘాటు పోయేదాకా నెలల తరబడి ల్యాబు ఖాళీగా పెట్టాల్సిందే. ఒకసారి మల్లెల కాలంలో ఒక నర్సు జడలో పూలతో వస్తే తలుపు దగ్గరే ఆపేశాను. ఆమె చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

మా దగ్గర ఇమ్రాన్ అనే ఇంజనీరు ఉండేవాడు. పాలమూరు పిల్లవాడే, హైదరాబాదులో చదువుకొని వచ్చాడు. మా డాక్టరమ్మతో కలిసి అతను పిండాలను పెంచే కొత్త ఇంక్యుబేటర్ తయారుచేస్తున్నాడు. మా పాత మిషను బీరువా అంత ఉండేది. ఒకరి పిండాలను చూడాలని తలుపు తీస్తే లోపలున్న అందరి పిండాలకూ బయటి గాలి తగిలేది. ఇమ్రాన్ చేసింది అన్నం కుక్కరంత పెట్టె. ఒక జంటకు ఒకటి. మూత తీయకుండానే లోపల ఏం జరుగుతోందో చూపించే కెమెరా, సొంతంగా గాలిని వడపోసే ఏర్పాటు, గాలిలో ఏ ఆవిరి కలిసినా పట్టుకొనే సెన్సర్ అందులో ఉండేవి. కరెంటు పోయినా బ్యాటరీతో నడిచేది. పెద్ద పట్నాల మిషన్లు కరెంటు పోనిచోట పుట్టినయి, మనకు మన మిషనే కావాలె అనేవాడు.

మొదట చికిత్సకు పనికిరాని పిండాలతో, ఆయా దంపతుల అనుమతి తీసుకొని చూశాం. ఫలితాలు బాగున్నాక ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది. ఇష్టపడిన జంటల పిండాల్లో సగం పాత మిషన్లో, సగం కొత్త పెట్టెలో పెంచి పోల్చి చూడాలన్నది ఏర్పాటు.

అలా ఒప్పుకున్నవాళ్లలో మంజుల ఒకతె. కొల్లాపూర్ వైపు ఊరు. ఆమె భర్త పేరు శ్రీశైలం, గొర్రెలు కాసే కుటుంబం. అంతకుముందు వేరేచోట రెండుసార్లు చికిత్స చేయించుకున్నారు, రెండుసార్లూ పోయింది. ఈసారి కాకపోతే ఇక చాలనుకున్నామని శ్రీశైలం డాక్టరమ్మతో చెప్పాడు. మంజుల చాలా తక్కువ మాట్లాడేది. మాట్లాడినా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మాట్లాడేది. ఏం చెప్పినా ముందు భర్త ముఖం చూసేది.

ఆమెకు నాలుగు పిండాలు వచ్చాయి. రెండు పాత మిషన్లో పెట్టాం, రెండు కొత్త పెట్టెలో. ఆ వారం ల్యాబులో ఇంకెవరి పిండాలూ లేవు.

మూడో రోజు మధ్యాహ్నం నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. కెమెరా బొమ్మలు చూస్తుంటే వాసన వచ్చింది.

అది అగరుబత్తి వాసన కాదు. నిప్పుల మీద సాంబ్రాణి, దాంతోపాటు వాము, ఎల్లిగడ్డ పొట్టు వేస్తే వచ్చే పొగ. పసిపిల్లలకు నీళ్లు పోసి, తుడిచి, ఒళ్లో పడుకోబెట్టుకొని పట్టే పొగ. మా వాడలో పుట్టిన ప్రతి బిడ్డకూ పట్టేవారు. మా అవ్వా పట్టేది. ఆ వాసన నేను పొరబడే వాసన కాదు.

నాకు కలిగింది భయం కాదు, కోపం. ఎవరో కింద పొగ వేశారనుకున్నాను. ఏసీ గొట్టాలు చూశాను. వాచ్‌మన్‌ను అడిగాను. మేం రెండో అంతస్తులో ఉన్నాం, పక్కన ఖాళీ జాగా, అటువైపు గోదాము. ఎవరూ ఏమీ కాల్చలేదు. గదులన్నీ తిరిగాను. ల్యాబు దాటితే వాసన లేదు. ల్యాబులో కూడా కొత్త పెట్టె దగ్గరికి వెళ్లినకొద్దీ ఎక్కువవుతోంది.

పెట్టె సెన్సర్ మాత్రం గాలి శుభ్రంగా ఉందని చూపిస్తోంది.

ఇమ్రాన్‌ను పిలిచాను. విషయం చెప్పకుండా లోపలికి రమ్మన్నాను. అతను తలుపు దగ్గరే ఆగాడు.

"లోబాన్ ఎవరేసిన్రు మేడం?" అన్నాడు. వాళ్ల ఇంట్లో సాంబ్రాణిని అలాగే అంటారు.

ఇద్దరం కలిసి ఇంకోసారి అంతా వెతికాం. అతను వేరే సెన్సర్ తెచ్చి పెట్టె పక్కన పెట్టాడు. అదీ ఏమీ చూపలేదు. స్పిరిట్‌లో ముంచిన దూది దాని ముందు పెడితే మాత్రం వెంటనే చూపించింది. అంటే సెన్సర్ బాగానే ఉంది. కాసేపటికి వాసన పోయింది. మర్నాడు దాదాపు అదే పొద్దుకు మళ్లీ వచ్చింది.

ఈసారి డాక్టరమ్మను పిలిచాం. ఆమె పెట్టె మీదికి వంగి చూసి, తనకు ఏ వాసనా రావడం లేదంది. మా ఇద్దరి ముఖాలూ చూసింది. కానీ మమ్మల్ని తీసిపారేయలేదు. మా నియమం ఒకటే. ల్యాబులో తెలియని వాసన వస్తే అది ఎక్కడ ఎక్కువుందో అక్కడి పిండాలను వేరే మిషన్‌లోకి మార్చాలి. ఆ రెండింటినీ పాత మిషన్‌లోకి మార్చమని ఆమె చెప్పింది.  పెట్టె మీద నమ్మకం పోతే ఇమ్రాన్ ఇన్నేళ్ల కష్టం పోయినట్టే. అయినా తల ఊపాడు.

మార్చే ముందు ఆ జంటకు చెప్పడం మా పద్ధతి. ఆ రోజు మంజుల ఇంజెక్షన్ కోసం వచ్చి బయట హాల్లో ఉంది. నేను టోపీ, గౌనుతోనే వెళ్లాను. మధ్యాహ్నం కాబట్టి హాలు దాదాపు ఖాళీ. ఆమె చివరి కుర్చీలో ఉంది, పక్కన శ్రీశైలం. హాల్లో నాకు ఏ వాసనా రాలేదు.

తర్వాత జరిగింది నాకు గుర్తున్నట్టు చెబుతున్నాను.

నేను నోరు తెరవకముందే ఆమె అడిగింది.

"లోపల సాంబ్రాణి ఏస్తున్నరా?"

 ఎవరూ వేయడం లేదని చెప్పాను. పిండాలను వేరే మిషన్‌లోకి మార్చాలనుకుంటున్నామని చెప్పాను.

"తియ్యకండ్రి," అంది. "ఆడనే ఉండనియ్యండ్రి. పిల్లలకేసే పొగ గద అది."

గొంతులో బెరుకు లేదు. కొంగు అడ్డం లేదు. భర్త వైపు చూడలేదు. పని తెలిసిన పెద్దమనిషి చిన్నవాళ్లకు చెప్పినట్టు చెప్పింది.

నేను లోపలికి వచ్చి ఇమ్రాన్‌తో అన్నాను, ఉండనియ్యమంటోంది అని. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, సెన్సర్లు రెండూ శుభ్రంగా చూపిస్తున్నాయి, కెమెరాలో పిండాలు బాగా పెరుగుతున్నాయి, ఈ దశలో కదపడమే ప్రమాదం అని వాదించాను. ఆమె ఆలోచించి, సరే అంది. నేను సాక్ష్యం చూసే నిర్ణయం తీసుకున్నానని అప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను.

మర్నాడు పొద్దున వెళ్లగానే పాత మిషన్ లోపలి గ్యాసు పాళ్లను చేతి మీటరుతో చూశాను. రోజూ చేసే పనే. మిషన్ తెర మీద అంతా సరిగ్గా ఉంది. నా మీటరులో లేదు. గ్యాసు వదిలే వాల్వు ముందురోజు ఎప్పుడో చెడిపోయింది. తెర మాత్రం పాత అంకెలే చూపిస్తూ ఉంది. అందులోని రెండు పిండాలూ ఎదగడం ఆగిపోయి, నల్లబడి ఉన్నాయి.

కొత్త పెట్టెలో రెండూ చక్కగా ఉన్నాయి.

ఆ ముందురోజు నేను మార్చి ఉంటే నాలుగూ పోయేవి. ఇమ్రాన్ ఆ మిషన్ ముందు నేల మీద కూర్చుండిపోయాడు.  డాక్టరమ్మ మంజులనూ శ్రీశైలాన్నీ పిలిచి జరిగింది దాచకుండా చెప్పింది. మిగిలిన రెండింటిలో ఒకటి ఆ రోజే మంజుల కడుపులో పెట్టాం. ఆ తర్వాత ల్యాబులో ఆ వాసన ఎప్పుడూ రాలేదు.

గర్భం నిలిచింది. వేసవి దాటాక ఆడపిల్ల పుట్టింది.

ఆ నెలలన్నీ నేను ఈ సంగతి గురించి ఆలోచించాను. నమ్మనిదాన్నే అయినా నాకు తెలియకుండానే ఒక కథ అల్లుకున్నాను. మంజుల వాళ్ల ఇంట్లో పిల్లలకు నీళ్లు పోసిన అవ్వ ఎవరో ఉండి ఉంటుంది. చనిపోయి ఉంటుంది. మనవరాలి బిడ్డ కోసం వచ్చింది. అలా అనుకుంటే భయం తగ్గి, మనసుకు కొంచెం హాయిగా కూడా ఉండేది.

బిడ్డకు మెడ నిలిచాక ముగ్గురూ ఆస్పత్రికి వచ్చారు. బిడ్డను నా చేతుల్లో పెట్టింది మంజుల. పిల్ల బరువుగా ఉంది, నా ఐడీ కార్డు పట్టుకొని నోట్లో పెట్టుకోబోయింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, మీ ఇంట్లో సాంబ్రాణి పొగ ఎవరు పట్టేవారు, మీ అవ్వేనా అని అడిగాను.

"మా అవ్వనా? పొగంటేనే ఆమెకు దమ్మొస్తది. ఇంట్ల ఎవ్వరికి ఎయ్యనియ్యదు. దీనికి గుడ ఎయ్యలే," అంది మంజుల. "ఎందుకక్కా?"

అవ్వ బతికే ఉంది. ఆ రోజు కూడా ఇంటి దగ్గర బిడ్డ కోసం ఎదురుచూస్తూ ఉందట.

నేను ఆ మధ్యాహ్నం సంగతి గుర్తుచేశాను. హాల్లో నువ్వే కదా వాసన గురించి ముందు అడిగింది, తీయొద్దన్నది అన్నాను. మంజుల భర్త వైపు చూసింది. 

"నేననలే అక్కా. నాకేం వాసన రాలే. నువ్వొచ్చి మా ముంగట నిలవడ్డవు. సాంబ్రాణి ఏస్తున్నరా అని నువ్వే అన్నవు. మళ్ల తియ్యకండ్రి, ఆడనే ఉండనియ్యండ్రి అని గుడ నువ్వే అన్నవు. అని లోపటికి పోయినవు."

"అవు మేడం," అన్నాడు శ్రీశైలం. "కండ్లు మూసుకొని అన్నరు. మాకు జర భయమైంది. డాక్టరోళ్లు గట్లనే మొక్కుకుంటరేమో అనుకున్నం."

వాళ్లకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. నాకూ లేదు. హాల్లో కెమెరా ఉంది, కానీ ఆ బొమ్మలు నెల తిరిగేసరికి చెరిగిపోతాయి. అడిగి చూశాను, ఏమీ మిగలలేదు.

ఇమ్రాన్‌ను అడిగాను. వాసన అతనికి బాగా గుర్తుంది. రెండు రోజులూ వచ్చిందన్నాడు. నేను హాలు నుంచి తిరిగివచ్చి ఏమన్నానో కూడా గుర్తుంది. "ఉండనియ్యమంటాందని అన్నరు మేడం. ఎవరన్నరో చెప్పలే. పేషంటే అనుకున్న," అన్నాడు.

పని ఒత్తిడిలో నాకు మతి తప్పిందని అనుకోవచ్చు. చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు ఇమ్రాన్‌కు వచ్చిన వాసన మిగిలిపోతుంది. వాసనకు ఏదో కారణం ఉందనుకుంటే, హాల్లో నేను విన్న గొంతు మిగిలిపోతుంది. ఆ గొంతు మంజులది కాదు. నాదీ కాదు. నా గొంతు నాకు తెలియదా? చనిపోయిన మా అవ్వ గొంతేమోనని అమ్మ ఒకసారి నెమ్మదిగా అంది, ఆ మాట అన్నందుకు వెంటనే ప్రార్థన కూడా చేసుకుంది. నేను ఒప్పుకోలేదు. అవ్వ గొంతు నాకు బాగా తెలుసు.

ఇమ్రాన్ పెట్టె ఇప్పుడు ఇంకొన్ని ఊళ్ల ఆస్పత్రుల్లో నడుస్తోంది. దాన్ని వాడటం నేర్చుకోవడానికి కొత్తగా పనిలో చేరినవాళ్లు మా దగ్గరికి వస్తారు. నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఈమధ్య అడిగింది, సెన్సర్ ఏమీ చూపకుండా మనకు మాత్రం వాసన వస్తే ఏం చేయాలి మేడం అని. వెంటనే పిండాలను మార్చాలని చెప్పాను. అదే నియమం, అదే రాసుకొమ్మన్నాను.

ఆ రోజు నేను మార్చలేదు. మార్చొద్దని చెప్పింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.