వరహాలమ్మ దోనెలో సంచీ

కొల్లేట్లో ఏడుకొండలుకి తెలియని దారి లేదు. ఏ కాలవ ఎప్పుడు పూడుతుందో, చేపలు పట్టే మావులు ఎక్కడ పెడితే కొర్రమీను పడుతుందో అతన్నే అడిగేవారు. అలాంటి మనిషే కిందటేడు వానాకాలంలో ఆ నీళ్ళలో చిక్కడిపోయాడు.

పొద్దున్నే మావులు ఎత్తుకురావడానికి తాటిదోనె వేసుకుని వెళ్ళాడు. వెళ్ళాక గాలి తిరిగింది. గుర్రపుడెక్క తుట్టెలు తుట్టెలుగా కొట్టుకొచ్చి దోనె చుట్టూ మూసుకుపోయింది. గెడ వేస్తే దోనె కదలదు, దిగుదామంటే కాలికింద నేల లేదు. ఫోను తడిసిపోయింది. ఊరివాళ్ళు వెతగ్గా వెతగ్గా దొరికాడు గానీ, అప్పటికే రెండు రాత్రులు గడిచాయి. దాహానికి ఆ నీళ్ళే తాగాడేమో, వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఏలూరు ఆసుపత్రిలో చాన్నాళ్ళు ఉండాల్సొచ్చింది. మనిషి దక్కాడు. కానీ నీళ్ళంటే భయం పట్టుకుంది. గట్టు దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేసేవాడు.

భార్య వరహాలమ్మ చేపల చెరువుల మీద పనికి వెళ్ళింది. ఆ పని ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. చివరికి మావులు తనే వేస్తానంది. పెళ్ళికి ముందు తండ్రితో దోనె మీద తిరిగిన పిల్లే. ఏడుకొండలు వద్దనలేదు. వద్దంటే ఇల్లు ఎలా గడుస్తుందో చెప్పాలి. ఆ సాయంత్రమే ఆమె కోసం సంచీ సర్దడం మొదలుపెట్టాడు.

నీళ్ళ క్యాను పెట్టాడు. చలికి వణికింది గుర్తొచ్చి దుప్పటి పెట్టాడు. చీకటి గుర్తొచ్చి రెండు టార్చిలైట్లు, ఆకలి గుర్తొచ్చి బియ్యమూ గిన్నే, ఆ పైన కిరసనాయిలు సీసా, టార్పాలిన్, తాడుచుట్ట. వరహాలమ్మ ఎత్తబోయి దింపేసింది. తాటిదోనెకి మనిషీ మావులే బరువు. ఆ సంగతి చెప్పి, మెల్లగా దుప్పటి తీసేసింది. మర్నాడు చూస్తే దుప్పటి మళ్ళీ ఉంది. గిన్నె తీస్తే అదీ తిరిగొచ్చింది. పైకి ఒక్క మాట అనుకోలేదు గానీ, నాలుగైదు రోజులు ఇద్దరూ ఆ సంచీతోనే పోట్లాడుకున్నారు.

చివరికి ఆమె అతని ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఈ మూటతో ముందు దోనే మునిగిపోతుంది. లోపల ఉన్నప్పుడు మీకు ఏది లేక ప్రాణం పోయినంత పనయిందో అది చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను."

డెక్కలో ఉన్నప్పటి సంగతి అతను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. రెండోనాడు ఇంజను పడవ ఒకటి దగ్గర్లోంచే వెళ్ళిందట. వెతకడానికి వచ్చినవాళ్ళే. లేచి నిలబడి అరిచాడు. ఇంజను మోతలో వాళ్ళకి వినపడలేదు. నిలువెత్తు కిక్కిస గడ్డి మధ్య మనిషీ కనపడలేదు.

"నన్నే పిలుచుకుంటూ వెళ్ళిపోయారే," అన్నాడు. "ఆకలీ చలీ మర్చిపోయాను. అది మాత్రం మర్చిపోలేకపోతున్నాను."

వరహాలమ్మ లేచి, పాత ఎర్ర చీర తీసి సగానికి చింపింది. గెడ చివర కట్టి ఎత్తితే కిక్కిస పైకి కనపడుతుంది. ఏలూరు కాలేజీలో చదువుతున్న కూతురు సుష్మ ఆటల్లో ఊదే విజిలు ఇచ్చింది. ఆ రెండూ పెట్టుకుని, మిగతాది ఇద్దరూ కలిసి మళ్ళీ సర్దారు. క్యాను బదులు రెండు సీసాల నీళ్ళు, బియ్యం బదులు వేయించిన శనగపప్పూ బెల్లమూ, దుప్పటి బదులు చేపల మేత బస్తా చింపి కుట్టిన పలచటి ముసుగు. డెక్క కోయడానికి కొడవలి. విరేచనాలైతే నీళ్ళలో కలుపుకునే పొడి పొట్లాలు. తడవకుండా కవర్లో చుట్టిన బటన్ల ఫోను. ఇప్పుడు సంచీ ఒక వేలికి తగిలించుకోవచ్చు. ఏడుకొండలుకి అదే దిగులు. ఇంత తేలికైనది మనిషినేం కాపాడుతుందని రోజూ విప్పి చూసేవాడు.

కార్తీకం వెళ్ళాక ఒకరోజు గాలి మళ్ళీ అలాగే తిరిగింది. డెక్క ఆమె దోనెనీ మూసేసింది. ఫోనులో సిగ్నలు లేదు. కొడవలితో కాసేపు కోసింది. కోసినచోటల్లా మళ్ళీ కమ్ముకుంటుంటే ఒంట్లో సత్తువ దాచుకోవాలని ఆపేసింది. గెడకి ఎర్రగుడ్డ కట్టి నిలబెట్టి విజిలు ఊదుతూ కూర్చుంది. ఊదడం ఆపితే ఏడుపొస్తుందని ఆపలేదు. పక్క లంకలో ఉండే నిత్యానందం అనే ఆయన గేదెలకి గడ్డి కోసుకుని వెళ్తూ, కిక్కిస మీద ఎర్రగా ఏదో ఊగుతోందని ఆగాడు. విజిలు ఆ తర్వాత వినపడిందట. మనుషుల్ని పోగేసుకొచ్చాడు. పొద్దు వాలకముందే అందరూ కలిసి ఆమెని బయటికి లాగారు.

ఆమె గట్టు దగ్గరికి వచ్చేసరికి ఏడుకొండలు గుండెలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వేళకి ఆమె రాకపోయేసరికి ఎవరిదో దోనె ఎక్కబోయాడు, కాలు లోపల పెట్టలేకపోయాడు. దాంతో దిగి నీళ్ళలో నడిచాడు. ముందుకి వెళ్ళలేకా వెనక్కి రాలేకా అక్కడే ఉండిపోయాడు. వరహాలమ్మ దోనె దిగి అతని పక్కకి వెళ్ళింది.

"వచ్చేశానండీ. పదండి," అంది.

అతను కదల్లేదు. "నిన్ను పిలుచుకుంటూ రాలేకపోయానే," అన్నాడు.

కొన్నాళ్ళు ఆమె ఇంట్లోనే ఉంది. తర్వాత మళ్ళీ వెళ్ళక తప్పలేదు. ఊళ్ళో ఇంకొందరు ఆడవాళ్ళు అలాంటి సంచీ కావాలంటే ఏడుకొండలు కట్టి ఇస్తాడు. దీన్ని నమ్ముకుని దూరం వెళ్ళొద్దని ప్రతి ఒక్కరికీ చెప్తాడు. వరహాలమ్మ తిరిగొచ్చేదాకా అతనికి ముద్ద దిగదు. ఈమధ్య ఆమె దోనెని ఒడ్డుకి ఆనించి పట్టుకుని, అందులో ఊరికే కాసేపు కూర్చోమని అతన్ని అడుగుతోంది. మొన్న ఒక కాలు లోపల పెట్టాడు. కాసేపు అలాగే నిలబడి, తీసేశాడు.