పొంత తెలియని పండితుడు

తమిళనాట తుడియలూరులో పంపుల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసిన అళగిరిసామికి, రిటైరయ్యాక అదిలించడానికి మనుషులు కరువయ్యారు. అందుకని బ్లాగు పెట్టాడు. తన పెద్ద ఫోటో కింద, అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో మాసిపోతున్న మాటలకు అర్థాలు రాసేవాడు. చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు రావు గనుక తమిళ అక్షరాల్లోనే రాసేవాడు.

కామెంట్లు ఆయన ఒప్పుకుంటేనే కనబడతాయి. పొద్దున్నే కాఫీ తాగి, కళ్లద్దాలు తుడుచుకుని, పంచాయితీకి కూర్చున్నట్టు కూర్చునేవాడు. "అద్భుతం అయ్యా" అన్నవాళ్లను గడప దాటనిచ్చేవాడు. "కానీ అయ్యా" అని మొదలుపెట్టినవాళ్లను చివరిదాకా చదవకుండానే కొట్టేసేవాడు. పొగడ్తలు పలచబడిన వారాల్లో, సుడలై అనే పేరుతో తానే నాలుగు మంచిమాటలు రాసుకుని, తానే అనుమతించి, "నన్రి తంబీ" అని తానే థాంక్స్ చెప్పుకునేవాడు.

ఒకసారి "పొంత" మీద రాశాడు. పొంత అంటే పక్క, కాబట్టి బావి పక్కనుండే గట్టుకు ఆ పేరు వచ్చింది, ఆ మాట పలికే నోరు ఇప్పుడు ఒక్కటీ లేదు అని తీర్పు చెప్పాడు. మర్నాడే పళని నుంచి పరమేశ్వరి అనే ఆవిడ రాసింది: "అణ్ణా, పొంత అంటే పోసుకొనేదానికి నీళ్లు కాచే పొయ్యి. మా ఇంట్లో ఇంకా ఉండాది."

కొట్టేశాడు. మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేశాడు. నాలుగోసారి పొయ్యి ఫోటో కూడా పంపింది. ఒళ్లు మండి, "అరకొర చదువులవాళ్లకు ఇక్కడ చోటు లేదు" అని ఏకంగా ఒక వ్యాసమే వేశాడు.

సంక్రాంతి దాటాక, తై నెలలో భార్య రామక్కాళ్‌తో పళనికి పెళ్లికి వెళ్లి, ఆడపెళ్లివారింట దిగాడు. తెల్లవారి చలి కొరుకుతోంది. ఇంటి ముసలామె కేకేసింది: "నాయనా, పొంతలో నీళ్లు కాగతా ఉండాయి, పోయి పోసుకో!"

తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా బావి గట్టుకు నడిచాడు. అక్కడ వేన్నీళ్ల జాడ లేదు. అడిగితే పరువు పోతుంది. పళ్లు బిగించి నాలుగు చేదలు నెత్తిన కుమ్మరించుకున్నాడు. వణుకుతూ తిరిగివస్తుంటే, పెరట్లో పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్న నడివయసు ఆడమనిషి చూసింది.

"అయ్యయ్యో, ఏమిటికణ్ణా చన్నీళ్లు పోసుకొంటిరి? పొంత ఇక్కడ ఉండాదే!" అని, ఆయన ముఖాన్ని పరకాయించి చూసింది. "తుడియలూరు బ్లాగు అణ్ణ గదా మీరు? నేను పరమేశ్వరి."

అప్పటికే వేన్నీళ్లు పోసుకుని తల ఆరబెట్టుకుంటున్న రామక్కాళ్ ఆశ్చర్యపోయింది. "మీకు పొంత తెలీదా? నన్నడిగి ఉంటే చెప్పి ఉందును గదా!"

ఆమెకు చదువు రాదు. మొగుడు ఏం రాస్తున్నాడో ఆమెకు తెలియదు, ఆమెకు ఏం తెలుసో మొగుడు ఏనాడూ అడగలేదు.

ఇంటికొచ్చి తుమ్ముతూనే వ్యాసం దిద్దాడు: "పళని ప్రాంతంలో స్వయంగా జరిపిన పరిశోధనలో తేలిందేమంటే…" పరమేశ్వరి పేరు ఎక్కడా లేదు. సాయంత్రానికి ఆవిడ నుంచి ఒక్క ముక్క వచ్చింది: "జలుబు తగ్గిందా అణ్ణా?"

అళగిరిసామి కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని ఇంకోసారి చదివాడు. తర్వాత దాన్నీ కొట్టేశాడు.